పాత క్లాసిక్ కారునీ కొత్త కారునీ పోల్చాలంటే ముందు టైర్ల మీద తేదీ చదవండి

పాత కారు గొప్పదా, కొత్త కారు గొప్పదా అని గంటలకొద్దీ వాదించుకునేవాళ్లలో చాలామంది ఆ రెండింటినీ ఒకే రోజు, ఒకే రోడ్డు మీద నడిపి ఉండరు. ఒకదాన్ని చిన్నప్పుడెప్పుడో వెనక సీట్లో కూర్చుని చూసిన జ్ఞాపకం ఉంటుంది, రెండోదాన్ని రోజూ ట్రాఫిక్‌లో నడుపుతూ ఉంటారు, ఇంక ఆ జ్ఞాపకానికీ ఈ ట్రాఫిక్‌కీ పోటీ పెడితే గెలిచేది జ్ఞాపకమే. ఒక పాత క్లాసిక్ బండినీ ఒక కొత్త బండినీ నిజంగా పక్కపక్కన పెట్టి చూడాలనుకుంటే, అది కొనడానికైనా, ఇంట్లో ఉన్న రెండింట్లో ఒకటి ఉంచుకోవడానికైనా, ఊరికే తెలుసుకోవాలన్న ఇష్టంతోనైనా, దానికో పద్ధతి ఉంది. కొన్నేళ్లుగా తప్పులు చేసి నేర్చుకున్న పద్ధతి ఇది.

మొదట నా తప్పు చెప్తాను, ఎందుకంటే మిగతాదంతా దాని మీదే నిలబడి ఉంది. ఒక స్నేహితుడి దగ్గర నలభై ఏళ్లు దాటిన బండి ఉండేది, పెయింట్ తళతళలాడుతూ చూడటానికి ముచ్చటగా ఉండేది. నడిపితే స్టీరింగ్ తిప్పగానే కాసేపు ఏమీ జరగదు, తర్వాత ఒక్కసారిగా తిరుగుతుంది, తిన్నగా పోయేటప్పుడు కూడా బండి అటోసారి ఇటోసారి లాగుతూ ఉంటుంది. దిగి వెంటనే కొత్త కారెక్కి అదే దారిలో వెళ్లొచ్చి, పాతకాలం స్టీరింగులు ఇంతేనని కనిపించిన ప్రతివాళ్లకీ చెప్పాను. మూడు నెలల తర్వాత అతను చక్రాలు ఊడదీసినప్పుడు టైరు లోపలి వైపు గోడ మీద నాలుగంకెలు కనిపించాయి, 1103 అని. అంటే 2003లో 11వ వారంలో తయారైన టైర్లు. ఎక్కువ తిరగని బండి కాబట్టి గాడులు నిండుగానే ఉన్నాయి, కానీ రబ్బరు చెక్కలా గట్టిపడిపోయి గాడుల అడుగున వెంట్రుకవాసి పగుళ్లున్నాయి, గోరుతో నొక్కితే గోరే వంగింది తప్ప రబ్బరు దిగలేదు. ముందు చక్రం పైనా కిందా పట్టుకుని ఊపితే చక్రాన్ని సస్పెన్షన్‌కి కలిపే బాల్ జాయింట్ టక్కుటక్కుమంది. టైర్లు, బాల్ జాయింట్లు మార్చి అలైన్‌మెంట్ చేయించాక మళ్లీ నడిపితే అది వేరే బండి. చేతిలో స్టీరింగ్ బతికొచ్చినట్టుంది, రోడ్డు మీది చిన్న గరుకుదనం కూడా వేళ్లకి తెలుస్తోంది. అంటే అంతకుముందు నేను పోల్చింది చచ్చిన రబ్బరునీ కొత్త రబ్బరునీ, దాన్నే పాత డిజైన్‌కీ కొత్త డిజైన్‌కీ ఉన్న తేడా అనుకున్నాను.

కాబట్టి పాత బండి మీద ఏ అభిప్రాయమూ రాసుకోకముందే అది తయారైనప్పుడు ఎలా నడవాలో అలా నడుస్తోందో లేదో చూడాలి.

ముందు పాత బండిని దాని ఆరోగ్యానికి తీసుకురండి

టైర్లతో మొదలుపెట్టండి. టైరు గోడ మీద డాట్ అన్న అక్షరాల వరస చివర నాలుగంకెలుంటాయి, మొదటి రెండూ వారం, తర్వాతి రెండూ సంవత్సరం. మూడే అంకెలుంటే అది 2000 కంటే ముందుది, ఆ టైరు మీద బండిని నడపొద్దు, పోలిక సంగతి తర్వాత. ఆ అంకెలు ఒక వైపు గోడ మీదే ఉండొచ్చు, బయట కనిపించకపోతే కింద దూరి లోపలి వైపు చూడండి, బద్ధకించకండి. పదేళ్లు దాటిన టైరుని గాడులతో పని లేకుండా మార్చేయడం మంచిది. ఇంకో సంగతి, 1970ల ముందు బండ్లు చాలావరకు పాతరకం క్రాస్ ప్లై టైర్ల కోసం డిజైన్ చేసినవి, ఇప్పుడు వాటికి ఇప్పటి రకమైన రేడియల్ టైర్లు వేసి నడుపుతున్నారు. అది తప్పేం కాదు, కానీ మీరు చూస్తున్న రోడ్డు పట్టు ఆ కాలపు మనుషులు చూసినది కాదని రాసిపెట్టుకోండి. ఒక ఇరుసుకి రేడియల్, ఇంకో ఇరుసుకి క్రాస్ ప్లై ఉంటే మాత్రం బండిని అక్కడే ఆపేయండి.

తర్వాత బ్రేకులు. బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమని పీల్చుకుంటుంది, రెండేళ్లకోసారి మార్చకపోతే వేడెక్కినప్పుడు ఆ తేమ ఆవిరై పెడల్ మెత్తబడుతుంది. ఏళ్లుగా కదలని బండికి రబ్బరు హోసులు లోపల ఉబ్బిపోయి, బ్రేకు వదిలినా చక్రం పట్టేసే ఉంటుంది. అలాంటి బండిని నడిపి మైలేజ్ రాలేదనీ పికప్ లేదనీ అంటే అది బండి తప్పు కాదు. నాలుగు చక్రాలూ జాకీ మీద లేపి చేత్తో తిప్పి చూడండి, ఒక్కోటీ ఎంత తేలిగ్గా తిరుగుతోందో చేతికే తెలుస్తుంది.

ఇంజిన్ విషయానికొస్తే పాయింట్లు (స్పార్కు కోసం కరెంటుని కలిపి విడదీసేవి), ప్లగ్గులు, టైమింగ్ (స్పార్కు పడే సమయం), టాపెట్ల గ్యాపు (వాల్వుల దగ్గర వదిలే సందు), కార్బ్యురేటర్ (పెట్రోల్‌నీ గాలినీ కలిపేది), ఈ ఐదూ ఆ బండి మాన్యువల్‌లో ఉన్న కొలతలకి తెచ్చాకే నడపండి. సస్పెన్షన్ బుష్‌లు, ఇంజిన్ మౌంటింగ్‌లు కూడా చూడాలి, వాటి రబ్బరు పోయిన బండిలో వణుకూ మోతా అంతా ఇంజిన్ ఖాతాలో పడుతుంది.

మార్పులు చేసిన బండ్ల దగ్గర ఇంకాస్త జాగ్రత్త. ముందు చక్రాలకి డిస్క్ బ్రేకులు పెట్టి, పాయింట్లు తీసేసి ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ వేసి, గేర్‌బాక్స్ కూడా తర్వాతి మోడల్‌ది బిగించి ఉంటే అది మంచి బండే కావచ్చు, నడపడానికి హాయిగానే ఉంటుంది. కానీ అది 1960ల బండి అని రాయకండి. ఏం మార్చారో యజమానిని అడిగి వరసగా రాసుకోండి, ఆ జాబితా పక్కన లేకపోతే మీ పోలిక వేరేవాళ్లకి ఎందుకూ పనికిరాదు.

పెయింట్ కింద ఏముందో కూడా చూడాలి. పల్చటి గుడ్డలో చుట్టిన చిన్న అయస్కాంతాన్ని తలుపుల అడుగు భాగం, చక్రాల పైన వంపులు, డిక్కీ మూలలు, అంటే నీళ్లూ మట్టీ నిలిచే చోట్ల మెల్లగా జరుపుకుంటూ పోండి. అయస్కాంతం పట్టు సడలిన చోట రేకు మీద పుట్టీ మందంగా ఉంది. రేకు పోయి పుట్టీతో నిలబడిన బండి బాడీ వంపుల్లో మెలి తిరుగుతుంది, అప్పుడు స్టీరింగ్, సస్పెన్షన్ ఎంత బాగున్నా తీర్పు తప్పే వస్తుంది. అల్యూమినియం, ఫైబర్ బాడీల మీద ఈ పరీక్ష పనిచేయదు.

కొత్త బండికీ ఇదే న్యాయం చేయండి. టైర్లలో గాలి తలుపు పక్కన స్టిక్కర్ మీద ఉన్నంత ఉండాలి, డ్రైవ్ మోడ్ ఏది పెట్టారో రాసుకోవాలి, లేన్ తప్పకుండా స్టీరింగ్‌ని తనే తిప్పే సిస్టమ్ ఉంటే ఒకసారి ఆపేసీ ఒకసారి ఆన్ చేసీ నడపాలి. ఆ సిస్టమ్ పనిచేస్తున్నప్పుడు స్టీరింగ్ బరువు గురించి మీరు రాసేది సగం సాఫ్ట్‌వేర్ గురించి అవుతుంది.

ఏ బండితో ఏ బండిని?

పేరు ఒకటే కదా అని పక్కన పెట్టేస్తారు చాలామంది, అక్కడే దారి తప్పుతుంది. చెట్టు పేరు చెప్పి కాయలమ్మినట్టు పాత పేరు మీద వచ్చిన కొత్త కార్లు కొన్నున్నాయి. ఫోక్స్‌వ్యాగన్ పాత బీటిల్‌కి ఇంజిన్ వెనక, గాలితో చల్లబడేది. 1990ల చివర్లో వచ్చిన న్యూ బీటిల్ అదే కంపెనీ గోల్ఫ్ కారు పునాది మీద కట్టిన బండి, ఇంజిన్ ముందు, నీళ్లతో చల్లబడేది. రూపం ఒక్కటే కలిసింది. 1959లో అలెక్ ఇసిగోనిస్ చేసిన మినీ పొడవు 3.05 మీటర్లు, 10 అంగుళాల చక్రాలు, 848 సీసీ ఇంజిన్‌ని అడ్డంగా పెట్టి దాని కిందే గేర్‌బాక్స్‌ని ఇమిడ్చి, నలుగురు మనుషులకి చోటు మిగిల్చాడు. 2001లో వచ్చిన బీఎండబ్ల్యూ మినీ 3.6 మీటర్లు దాటింది, బరువు దాదాపు రెట్టింపు. తక్కువ చోటులో ఎక్కువ మందిని కూర్చోబెట్టడం పాతదాని ప్రాణం, కొత్తదానికి అది ముఖ్యమే కాదు. ఈ రెండింటినీ పోల్చొచ్చు, కానీ ఒకటి ఇంకోదానికి వారసుడన్నట్టు పోలిస్తే రెండింటికీ అన్యాయమే.

పోర్షే 911 అలా కాదు, మొదటి నుంచీ ఆరు సిలిండర్ల ఇంజిన్ వెనకే ఉంది, 1960ల నుంచి ఒకే ఆలోచన సాగుతూ వచ్చింది. అయినా తేడా చూడండి, మొదటి 911 వెడల్పు 1,610 మిల్లీమీటర్లు, ఇప్పటి 992 తరం 1,852. అద్దాలు లెక్కేయకుండానే 24 సెంటీమీటర్లు. ఇరుకు రోడ్డులో ఎదురుగా లారీ వచ్చినప్పుడు ఆ 24 సెంటీమీటర్లకి ఉన్న విలువ హార్స్‌పవర్‌కి ఉండదు. పాత బండికి లేన్‌లో అటూ ఇటూ చోటు మిగులుతుంది, మలుపుని మీకు నచ్చిన గీత మీద తీసుకోవచ్చు. కొత్తది లేన్‌ని నింపేస్తుంది. కొత్తవన్నీ లావెక్కాయని కూడా అనుకోవద్దు. మాజ్దా ఎంఎక్స్-5 మొదటి తరం 1989లో వచ్చింది, 2015లో వచ్చిన నాలుగో తరం దానికంటే పొడవులో కాస్త చిన్నదే, బరువు కూడా టన్ను చుట్టుపక్కలే ఆపారు. పాత, కొత్త తేడా నిజంగా అర్థం కావాలంటే నన్నడిగితే ఇలాంటి జతే మంచిది, చేసే పని ఒకటే కాబట్టి మిగిలిన తేడాలన్నీ కాలం తెచ్చినవే.

మీరు కొనాలనుకుంటున్న రెండు బండ్లకీ పేరు, కంపెనీ ఏదీ కలవకపోయినా ఫర్వాలేదు. పనిని బట్టి జత కట్టండి. వారానికోసారి కొండ దారిలో తిరగడానికా, రోజూ పనికెళ్లడానికా, ఇంటిల్లిపాదీ దూరప్రయాణానికా? ఆ పనిని ఒక్క వాక్యంలో నోట్‌బుక్ మొదటి పేజీలో రాసుకుంటే తర్వాత వచ్చే సగం గందరగోళం పోతుంది.

కాగితం మీది అంకెల దగ్గర మోసపోకండి

పాత బ్రోచర్‌లో హార్స్‌పవర్ చూసి కొత్తదాని పక్కన పెట్టేముందు ఆ అంకెని ఎలా కొలిచారో చూడండి. అమెరికన్ కార్లకి 1971 దాకా గ్రాస్ హార్స్‌పవర్ చెప్పేవాళ్లు, అంటే ఇంజిన్‌ని ఒక్కదాన్నే స్టాండ్ మీద పెట్టి, ఎయిర్ ఫిల్టర్, సైలెన్సర్, ఆల్టర్నేటర్ లాంటి బరువులేవీ లేకుండా కొలిచింది. 1972 మోడళ్ల నుంచి నెట్ లెక్క, అన్నీ బిగించాక ఎంత మిగిలిందో అది. క్యాడిలాక్ ఎల్డొరాడో 8.2 లీటర్ల ఇంజిన్‌కి 1971లో 365 అని రాస్తే 1972లో 235 అని రాశారు. ఏడాదిలో ఇంజిన్‌లోంచి 130 గుర్రాలు పారిపోలేదు, కొలత మారింది. ఇది తెలియకుండా 1960ల అమెరికన్ బండిని ఇప్పటి బండితో అంకెల్లో పోలిస్తే ఆ వాదన మొదటి మాటకే కూలిపోతుంది.

బరువు లేకుండా పవర్ చెప్పడం కూడా సగం మాటే. 1976లో అమ్మకానికొచ్చిన మొదటి గోల్ఫ్ జీటీఐ 110 హార్స్‌పవర్, బరువు 810 కిలోలు. ఎనిమిదో తరం జీటీఐ 245 హార్స్‌పవర్, సుమారు 1,430 కిలోలు. పవర్ చూస్తే రెండింతలు దాటింది. టన్నుకెంత అని లెక్కేస్తే పాతది 136 దాకా, కొత్తది 171 దాకా, అంటే పెరిగింది నాలుగో వంతు పైచిలుకే. మిగిలిందంతా బరువు మింగేసింది. ఆ బరువు వృథా అనడం లేదు, అందులో ఎయిర్‌బ్యాగులున్నాయి, గట్టి తలుపులున్నాయి, ఏసీ ఉంది. కానీ బ్రేకు కొట్టినా మలుపు తిప్పినా ఆ బరువుని ఆపాల్సిందీ తిప్పాల్సిందీ టైర్లే కదా.

మైలేజ్ అంకెలు ఇంకా గజిబిజి. యూరప్‌లో 2017 సెప్టెంబర్ నుంచి కొత్త మోడళ్లకి డబ్ల్యూఎల్‌టీపీ పరీక్ష వచ్చింది, అంతకుముందున్న ఎన్ఈడీసీ పరీక్షలో అదే కారుకి మైలేజ్ ఎక్కువ చూపించేది. ఇంకా పాత బ్రోచర్లలో ఒకే వేగంతో నిలకడగా నడిపిన అంకె ఉంటుంది. వీటిని పక్కపక్కన పెట్టకండి. ట్యాంక్ నిండా పోయించి, నడిపి, అదే పంపు దగ్గర మళ్లీ నింపి మీరే లెక్కేసుకోండి, రెండు బండ్లకీ. పాత బండి కిలోమీటర్ల మీటర్‌ని నమ్మేముందు ఫోన్‌లో జీపీఎస్‌తో సరిచూడండి, టైర్ల సైజు మారిన బండ్లలో అది తప్పు చూపిస్తుంది.

నడిపే రోజు

పాత బండి ఇంజిన్ రాత్రంతా చల్లబడి ఉండాలి. మీరొచ్చేసరికి యజమాని ముందే స్టార్ట్ చేసి వేడెక్కించి ఉంచితే, మర్యాదగానే అడగండి, ఇంకో రోజు వస్తానని. బానెట్ మీద చెయ్యి పెడితే తెలిసిపోతుంది. ఎందుకంటే పాత బండి గురించి మొదటి ఐదు నిమిషాలు చెప్పినంత మిగతా గంట చెప్పదు. చోక్ (చల్లటి ఇంజిన్‌కి పెట్రోల్ పాలు పెంచే నాబ్) లాగి, సెల్ఫ్ కొట్టి, ఎన్నోసారికి అందుకుందో, చోక్ ఎంతసేపటికి లోపలికి తొయ్యగలిగారో, పొగ తెల్లగా వచ్చి ఆగిందా నీలంగా వస్తూనే ఉందా, ఆయిల్ లైటు ఎన్ని క్షణాలకి ఆరిందో చూడండి. చోక్‌ని తొందరపడి తోస్తే ఇంజిన్ దగ్గుతుంది, ఎక్కువసేపు ఉంచితే పెట్రోల్ వాసన కొడుతుంది, ఆ రెండింటి మధ్య చోటు ఎక్కడుందో ప్రతి పాత బండికీ వేరుగా ఉంటుంది, రెండు మూడు పొద్దుల్లో చేతికి అలవాటవుతుంది. కొత్త బండికి ఇక్కడ రాయాల్సింది ఒక్క ముక్కే, బటన్ నొక్కాను, బయల్దేరాను. ఆ ఒక్క ముక్క విలువ తక్కువేం కాదు, వర్షం పడుతున్న పొద్దున ఆలస్యమైపోతున్నప్పుడు అదే అన్నిటికంటే పెద్ద సుఖం.

దారి ఒకటే ఉండాలి, ఇరవై ముప్పై కిలోమీటర్లు చాలు, కానీ అందులో ఒక గతుకుల ముక్క, ఒక ఎత్తు, నాలుగైదు మలుపులు, కాస్త హైవే, పార్కింగ్ చేసే చోటు ఉండేలా చూసుకోండి. ముందు పాతది, తర్వాత కొత్తది, మళ్లీ పాతది. ఈ మూడోసారి చాలా ముఖ్యం. మొదటిసారి పాత బండిలో మీరు భయంభయంగా ఉంటారు, క్లచ్ ఎక్కడ అందుకుంటుందో, మొదటి గేరుకి సింక్రో (గేరు గరగరమనకుండా పడేలా చేసేది) ఉందో లేదో తెలియదు. కొత్తది నడిపి మళ్లీ పాతదాంట్లో కూర్చున్నాక కనిపించేవే అసలు తేడాలు. నాకు ప్రతిసారీ మొదట తట్టేది ముందు అద్దానికి రెండు వైపులా ఉండే స్తంభాలు, పాతదాంట్లో పెన్నంత సన్నగా ఉంటాయి, మలుపులో రోడ్డు మొత్తం కనిపిస్తుంది. కొత్తదాంట్లో ఆ స్తంభం వెనక మనిషే దాక్కోగలడు. ఇది ఊరికే అనుకోకుండా కొలవండి, డ్రైవర్ సీట్లో మీరు కూర్చోండి, ఒకరిని బండి చుట్టూ నడవమనండి, ఎక్కడెక్కడ కనిపించకుండా పోయారో గుర్తు పెట్టుకోండి. అలాగే రివర్స్‌లో కెమెరా లేకుండా ఒకసారి పార్క్ చేసి చూడండి.

వేగం గురించి ఒక మాట. పాత బండిలో 60లో పోతుంటే 90లో పోతున్నట్టుంటుంది, గాలి, మోత, స్టీరింగ్‌లో వణుకు అన్నీ కలిసి. కొత్తదాంట్లో 110 కూడా ఏమీ అనిపించదు. పాతదాంట్లో మామూలు వేగానికే సరదా దొరుకుతుందన్నది నిజం, నాకు అదే ఇష్టం. కానీ అదే గుణం హైవే మీద మూడు గంటలు కూర్చుంటే తలనొప్పి అవుతుంది, కాబట్టి రెండూ రాయండి. పవర్ స్టీరింగ్ లేని బండిని కదులుతున్నప్పుడు తిప్పడం ఒకలా ఉంటుంది, ఆగినచోట తిప్పడం ఇంకోలా, భుజాలకి తెలుస్తుంది, ముఖ్యంగా రోజుకి నాలుగుసార్లు ఇరుకు చోట పార్క్ చేయాల్సినవాళ్లు ఈ ఒక్క పరీక్షనీ తేలిగ్గా తీసుకోవద్దు.

బ్రేకుల్ని ఖాళీ రోడ్డు మీద, వెనక ఎవరూ లేరని చూసుకుని, తక్కువ వేగంతో మొదలుపెట్టి చూడండి. డ్రమ్ బ్రేకులున్న బండి ఒక్కసారి ఆపితే బాగానే ఆగుతుంది, ఏటవాలులో వరసగా నాలుగైదుసార్లు నొక్కితే డ్రమ్ వేడికి వ్యాకోచించి షూల (డ్రమ్ లోపల రాసుకుని చక్రాన్ని ఆపేవి) నుంచి దూరం జరుగుతుంది, పెడల్ లోపలికి దిగుతూ పోతుంది. కొత్త బండి నుంచి దిగి నేరుగా దీన్నెక్కితే కుడికాలికి ఆ అలవాటు ఉండదు. అందుకే పాత బండిలో ముందు బండికి దూరం ఎక్కువ వదలాలి, దిగుడులో గేరు తగ్గించి ఇంజిన్‌తో ఆపుకోవాలి.

ఇంకో పరీక్ష చాలామంది మర్చిపోతారు. బాగా వేడిగా ఉన్నప్పుడు ఆపి, పావుగంట వదిలి, మళ్లీ స్టార్ట్ చేయండి. కార్బ్యురేటర్ బండ్లలో ఇంజిన్ వేడికి పెట్రోల్ ఆవిరై మొరాయించేది ఈ టైములోనే, చల్లటి ఇంజిన్‌తో చక్కగా స్టార్టయిన బండి ఇక్కడ మొండికేయొచ్చు. రాత్రి హెడ్‌లైట్లు కూడా చూడండి, 6 వోల్టుల కరెంటుతో నడిచే పాత బండి వెలుతురుకీ ఇప్పటి ఎల్ఈడీకీ మధ్య తేడా చెప్తే అర్థమయ్యేది కాదు.

ప్రాణం సంగతి మార్కుల్లో కలపకండి

ఇక్కడ నేను ఎటూ మొగ్గకుండా రాయలేను. 2009లో అమెరికాలోని ఇన్సూరెన్స్ ఇన్‌స్టిట్యూట్ ఫర్ హైవే సేఫ్టీ వాళ్లు 1959 షెవ్రోలే బెల్ ఎయిర్‌నీ 2009 షెవ్రోలే మాలిబూనీ ఎదురెదురుగా గుద్దించారు, గంటకు 64 కిలోమీటర్ల వేగంతో, డ్రైవర్ వైపు భాగాలు తగిలేలా. పాత బండి రేకు మందం, అది గట్టిది అన్న నమ్మకం చాలామందిలో ఉంటుంది కదా, బెల్ ఎయిర్‌లో డ్రైవర్ కూర్చునే చోటే కుప్పకూలింది, డ్రైవర్ సీట్లో పెట్టిన పరీక్ష బొమ్మ స్థానంలో మనిషుంటే బతికేవాడు కాదు. మాలిబూలో కాలికి చిన్న గాయంతో బయటపడేవాడు. మందపు రేకు కాపాడదు. ముందు భాగం నలిగి దెబ్బని మింగేయాలి, మనుషులున్న గది నలగకూడదు, బెల్టు పట్టి ఉంచాలి. నిల్స్ బోలిన్ అనే ఇంజినీర్ వోల్వోలో మూడు బిందువుల సీటు బెల్టు తెచ్చింది 1959లో, గట్టిగా బ్రేకు కొట్టినా చక్రాలు బిగుసుకోకుండా చూసే ఏబీఎస్ మెర్సిడెస్ ఎస్-క్లాస్‌లో వచ్చింది 1978లో, జారుతున్న బండిని తనే నిలబెట్టే ఈఎస్‌పీ 1995లో. మీరు చూస్తున్న బండి ఏ ఏడాదిదో చూసుకుని, వీటిలో ఏవి ఉన్నాయో లేవో విడిగా ఒక పేజీలో రాయండి.

అందాన్నీ నడిపే ఆనందాన్నీ ఒక మార్కూ, భద్రతని ఒక మార్కూ చేసి కలిపితే ఆనందం భద్రతని కప్పేస్తుంది. అందుకే ఇది గేటు లాంటిది, పిల్లల్ని ఎక్కించుకుని రోజూ హైవే మీద పోవడమే పనైతే ఆ గేటు దగ్గరే పాత బండి ఆగిపోతుంది, ఎంత ప్రేమున్నా సరే. పాత బండికి బెల్టులు కొత్తగా పెట్టించాలనుకుంటే అవి బిగించే చోట రేకు వెనక బలం ఉందో లేదో తెలిసినవాళ్లతో చూపించండి, తుప్పు పట్టిన రేకుకి బిగించిన బెల్టు లేనట్టే. కొత్తవాటిలో కూడా గుద్ది చూసే పరీక్షల్లో భద్రతకి ఇచ్చే స్టార్లని సంవత్సరంతో కలిపి చదవండి, 1997లో మొదలైన యూరో ఎన్‌క్యాప్ పరీక్షలు ఏళ్లు గడిచేకొద్దీ కఠినమయ్యాయి, ఒకప్పటి ఐదు స్టార్లూ ఇప్పటి ఐదు స్టార్లూ ఒకటి కావు.

రిపేరూ, ఓపికా

పాత బండి రోడ్డు పక్కన ఆగిపోతే వెతకాల్సినవి మూడే, స్పార్కు వస్తోందా, పెట్రోల్ వస్తోందా, గాలి అందుతోందా. ప్లగ్గు విప్పి బాడీకి ఆనించి సెల్ఫ్ కొడితే నీలం నిప్పురవ్వ కనిపిస్తుందో లేదో మీ కళ్లతోనే చూస్తారు. కొత్తదాంట్లో డాష్‌బోర్డ్ కింద ఉన్న ఓబీడీ (బండి తన తప్పుల్ని తనే గుర్తించే వ్యవస్థ) సాకెట్‌కి స్కానర్ పెడితే తప్పు కోడ్ రూపంలో వస్తుంది, అమెరికాలో 1996 నుంచి అన్ని కొత్త కార్లకీ ఓబీడీ-2 తప్పనిసరి. కోడ్ వచ్చినంత మాత్రాన ఏ పార్టు పోయిందో తెలిసినట్టు కాదు, ఏ లెక్క తప్పిందో తెలుస్తుంది, అంతే. పాతదానికి పని తరచుగా పడుతుంది, చిన్న పనులు. కొత్తదానికి అరుదుగా పడుతుంది, పడితే పెద్దది, చాలావరకు మీ చేతుల్లో ఉండదు.

పార్టుల సంగతి బండి వయసుని బట్టి కాకుండా దాన్ని ఎంతమంది ఉంచుకున్నారో దాన్ని బట్టి ఉంటుంది. 2 కోట్ల పైన తయారైన పాత బీటిల్‌కి పార్టులు కష్టం కాదు. నిజంగా ఇబ్బంది పెట్టేవి మధ్యకాలం బండ్లు, 1980లూ 1990లవి, అప్పుడే కంప్యూటర్లు ఎక్కించినవి. ఒక బుష్‌ని లేత్ మీద చేయించుకోవచ్చు, ఆ బండికే ప్రత్యేకమైన కంట్రోల్ యూనిట్ కాలిపోతే చేయించుకోవడం అంత తేలిక కాదు. కొనేముందే ఆ బండికి దొరకని పార్టులేవో వాడేవాళ్లని అడగండి.

పెట్రోల్, ఆయిల్ కూడా లెక్కలోకి తీసుకోవాలి. సీసం కలిపిన పెట్రోల్ 2021లో ప్రపంచమంతటా ఆగిపోయింది, దానికోసమే చేసిన పాత ఇంజిన్లలో కొన్నిటికి గట్టి వాల్వ్ సీట్లు (వాల్వు మూసుకునే చోట ఉండే రింగులు) వేయించాలి. ఇథనాల్ కలిసిన పెట్రోల్ పాత రబ్బరు పైపుల్ని మెత్తబరుస్తుంది, పైపు బయట తడిగా కనిపించినా వాసనొచ్చినా అక్కడే ఆగి మార్పించండి, కింద వేడి ఎగ్జాస్ట్ ఉంటుంది. ఇంజిన్ ఆయిల్ కొత్త కార్లది ఏదో ఒకటి పోసేయకండి, వాల్వుల్ని తెరిచే పాత క్యామ్‌షాఫ్ట్‌లకి జింక్ ఎక్కువున్న ఆయిల్ కావాలి.

ఇవన్నీ అయ్యాక రెండు బండ్లకీ చెరో పేజీ రాయండి, మార్కులు వేయొద్దు. పదికి ఏడు అంటే వారం తర్వాత మీకే అర్థం కాదు. ఫలానా మలుపులో బాడీ వాలింది కానీ టైరు జారలేదు, గతుకుల మీద డాష్‌బోర్డ్ గలగలమంది, హైవే మీద పక్కవాళ్లతో గొంతు పెంచి మాట్లాడాల్సొచ్చింది, ఇలాంటి వాక్యాలు రాయండి. మొదటి పేజీలో రాసుకున్న ఆ పని పక్కన ఈ వాక్యాలు పెట్టి చదివితే ఏవి మీకు పనికొచ్చేవో, ఏవి కావో వాటంతటవే విడిపోతాయి. ఇంకో రోజు వర్షంలో కూడా నడిపి అదే పేజీలో వేరే ఇంకుతో చేర్చండి, వైపర్లు, అద్దం మీద ఆవిరి, తడి బ్రేకులు ఇవేవీ ఎండ రోజున తెలియవు.

చివరగా, ఆ బండిని మీతోపాటు వాడబోయేవాళ్లు ఇంట్లో ఎవరుంటారో వాళ్లకి రెండు తాళాలూ ఇచ్చి, మీరు పక్క సీట్లో నోరు మెదపకుండా కూర్చోండి. చోక్ ఎంత లాగాలో ఒక్కసారి చూపించండి, అంతే. వాళ్లు ఎక్కడ ఆగారో, ఎక్కడ నవ్వారో, రెండోసారి నడపమంటే ఏ తాళం అడిగారో మీ పేజీల కింద రాసుకోండి.